రెండో బిస్కెట్టు ఇచ్చిన రోజు

మా ఊరి డాక్టరు దగ్గర ఫోనెత్తే అమ్మాయి నా గొంతు వినగానే గుర్తుపడుతుంది. "డీనాగారా? చెప్పండి, ఇవాళేమైంది?" అంటుంది, ఆ 'ఇవాళ'ని కాస్త సాగదీసి. తప్పు ఆ పిల్లది కాదు. మా మారిట్ పుట్టిన దగ్గర్నుంచీ నేను ఆ నంబరుకి చేసినన్ని ఫోన్లు నా సొంత అక్కకి కూడా చేసి ఉండను. పిల్ల దగ్గితే ఊపిరితిత్తులే అనుకున్నాను. తలనొప్పంటే మెదడే అనుకున్నాను. సైకిలు మీంచి పడి మోకాలు కమిలితే, పడ్డ సంగతి పక్కనపెట్టి, రక్తంలో ఏదో చేరిందనుకున్నాను. ప్రతిసారీ అదే మందు: పారాసెటమాల్, మంచినీళ్ళు, రెండు రోజులు చూద్దాం. ప్రతిసారీ పిల్ల లేచి అదే సైకిలెక్కి వెళ్ళిపోయింది.

అందుకే ఏప్రిల్ చివర్లో మారిట్‌కి జ్వరం పట్టుకుని వదలకపోతే, "ఈసారి నిజంగానే భయంగా ఉందమ్మా" అని నేను ఫోనులో అన్నప్పుడు ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వు మింగిన చప్పుడు మాత్రం వినిపించింది.

డాక్టరు చూసి ముద్దుల జ్వరం అన్నాడు. హైస్కూల్లో సగంమందికి ఉందట, ముద్దులు పెట్టుకుంటే అంటుకుంటుందట. మారిట్ గోడ వైపు తిరిగింది. మా అత్తయ్య బైబిలు వైపు తిరిగింది. మా ఆయన ఎవర్ట్ పాల ట్యాంకరు తోలుకుంటూ మా వెలువె ప్రాంతంలో పల్లెలన్నీ తిరిగే మనిషి, వాకిట్లో నిలబడి, "ఎవడే వాడు?" అని మాత్రం అడిగాడు.

"పారాసెటమాల్, మంచినీళ్ళు," అన్నాడు డాక్టరు. "తగ్గకపోతే వచ్చే వారం ఫోను చెయ్యండి."

నేను మర్నాడే చేశాను. ఆ మర్నాడూ చేశాను. పిల్ల కళ్ళు పసుపుపచ్చగా తిరిగిన రోజు మాత్రం ఫోను చెయ్యలేదు. ఎవర్ట్ కారులో వేసుకుని డాక్టరు గుమ్మంలోకే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పారాసెటమాల్ మాట ఎత్తలేదు. ఆయన ఆ మాట ఎత్తకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆ శుక్రవారం సాయంత్రానికి నగరంలో పెద్దాసుపత్రిలో ఉన్నాం.

అక్కడి పెద్ద డాక్టరు పేరు యెల్మర్ టాస్మా. పొడుగ్గా, సన్నగా, సైకిలు మీద వచ్చి ప్యాంటు కాలికి పెట్టుకున్న క్లిప్పు తీయడం మర్చిపోయి రోజంతా తిరిగే రకం. "నన్ను యెల్మర్ అనండి చాలు," అన్నాడు. నేను డాక్టరుగారనే అన్నాను. పేరు పెట్టి పిలిచేంత చనువుంటే చెడ్డవార్త కూడా చనువుగానే చెప్పేస్తాడని నా భయం.

"వైరస్ మీదికి పంపిన సైన్యం ఇంకా ఇంటికి రాలేదు," అని వివరించాడాయన. "శత్రువు ఎప్పుడో చచ్చాడు. వీళ్ళకి మత్తు దిగక సొంత ఊరినే తగలబెడుతున్నారు."

"మరి వెనక్కి పిలిచేవాళ్ళు లేరా?" అన్నాడు ఎవర్ట్.

"ఉన్నారు. వాళ్ళు కూడా కాగడాలు పట్టుకున్నారు."

ఆ సైన్యాన్ని పడుకోబెట్టే మందులు ఆ పూటే మొదలుపెట్టారు. అవి పనిచేస్తే పిల్ల ఉంటుంది, చెయ్యకపోతే లేదు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఆయన బొమ్మలు గీసి చాలాసేపు తీసుకున్నాడు గానీ, నేను చదివింది వంటా కుట్టూ నేర్పే బడిలోనే అయినా నాకు మొదటి బొమ్మకే అర్థమైంది.

మర్నాటి నుంచి పొద్దున్నే రక్తం తీసేవాళ్ళు. అందులో ఫెర్రిటిన్ అని ఒకటుంటుంది, ఒంట్లో ఇనుము దాచుకునే గోదాము లాంటిదట. వందలోపు ఉండాల్సింది మా పిల్లకి పదివేలు దాటింది. ఆ పొద్దున గదిలోకి ఆరుగురు డాక్టర్లు వచ్చారు. ఒక్కొక్కరూ మారిట్‌కి మర్యాదగా తలూపి, గోడ మీది తెర వైపు తిరిగిపోయారు. పిల్ల ఇటుంటే వాళ్ళు అటు. "అద్భుతం!" అన్నాడు వాళ్ళలో ఒక కుర్ర డాక్టరు. నా మొహం కనిపించి, "అంటే... ఆందోళనకరం," అని దిద్దుకున్నాడు.

"అది చాలా ఎక్కువా డాక్టరుగారూ?" అన్నాను.

"ఎక్కువే," అన్నాడు టాస్మా. "కానీ ఫెర్రిటిన్ ఒక్కదాన్నే నమ్మలేం. అది ప్రతిదానికీ పెరుగుతుంది. జలుబు చేసినా పెరుగుతుంది, కాలేయం అలిగినా పెరుగుతుంది."

"అచ్చం మా అమ్మే," అంది మారిట్ దిండు మీంచి.

ఆరుగురూ నవ్వారు. తెర మీంచి కళ్ళు తిప్పి ఆ పిల్ల మొహం చూడటం వాళ్ళకదే మొదలు.

టాస్మా ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఒకటుంది. ఫెర్రిటిన్‌తోపాటు రక్తంలో దొరికే మరో రెండు గుర్తులు కలిపి లెక్క వేస్తే, రోగి చేరిన రోజు రక్తంతోనే ఆ రోగి గతేమిటో చెప్పొచ్చని ఆయన నమ్మకం. లెక్క చివర ఒక రంగు వస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.

"ఆరు నెలల తర్వాత ఎవరెక్కడుంటారో తెలుస్తుంది," అన్నాడు ఉత్సాహంగా.

"ఎక్కడుంటారో అంటే?" అన్నాడు ఎవర్ట్.

టాస్మా వంగి ప్యాంటు క్లిప్పు సర్దుకున్నాడు. "అంటే, ఇంట్లో ఉంటారా... ఇంట్లో ఉండరా అని."

ఆ రెండు గుర్తులూ ఇక్కడ చూడరట. వేరే ఊళ్ళో ల్యాబుకి పంపాలి. వాళ్ళు వారానికి ఒక్కసారే, గురువారమే చేస్తారు. మేం చేరింది శుక్రవారం. "ఒక్కరోజు తేడాలో తప్పిపోయింది. వచ్చే గురువారం సాయంత్రానికి నా చేతిలో ఉంటుంది," అన్నాడాయన.

ఆ గురువారం మా మారిట్ పుట్టినరోజు. పదహారు నిండుతాయి.

నేను బాధపడేది రాబోయే రంగు గురించే కాబట్టి పుట్టినరోజు గురించి ఆలోచించలేదు. ఆలోచించింది ఆసుపత్రివాళ్ళు. బుధవారం నాడు టాస్మా నన్ను వరండాలోకి పిలిచి, "డీనాగారూ, రేపటి నుంచి మారిట్ వైద్యం గురించి మారిట్‌తోనే మాట్లాడతాం," అన్నాడు.

"మాట్లాడండి. నేనూ అక్కడే ఉంటాగా."

"అదికాదు. పదహారు నిండితే తన సంగతులు తనవే. తను ఒప్పుకుంటేనే మీకు చెప్పగలం. చట్టం అది."

"కన్నదాన్ని నేను డాక్టరుగారూ!"

"అందుకేగా పదహారేళ్ళూ మీకే చెప్పాం," అన్నాడు, చాలా మెత్తగా.

నేను పరుగున గదిలోకి వెళ్ళి మారిట్‌ని బతిమాలాను. పిల్ల కళ్ళు మూసుకునే విన్నది. అప్పటికి జ్వరంతో పెదవులు పగిలి ఉన్నాయి, గొంతు గరగరలాడుతోంది. టాస్మా గది గుమ్మంలోనే ఉన్నాడని చూసి, ఆయనకి వినబడేలా అంది: "డాక్టరుగారూ, ఆ రంగేదో నాకు తెలుసుకోవాలని లేదు. మా అమ్మకి కూడా చెప్పకండి."

"మారిట్!"

"నీకు చెప్తే నాకు చెప్పినట్టే అమ్మా. నీ మొహం మన వీధి కిటికీల్లాంటిది, తెరలుండవు. సోఫా మీద పిల్లి ఎటు తిరిగి పడుకుందో కూడా రోడ్డు మీంచి కనిపిస్తుంది."

"నేనేమీ..."

"ఏమీ చెప్పకండి," అంది మారిట్ నన్ను దాటి ఆయన్ని చూస్తూ. "దాని గురించి అసలేమీ."

టాస్మా తల ఊపాడు. మాట ఇచ్చాడంటే ఇచ్చాడే. మా దేశంలో ఇలాంటి మనుషులు చాలామంది ఉన్నారు, వాళ్ళతో చాలా కష్టం.

గురువారం పొద్దున నేను కారు తీసుకుని వెళ్ళేసరికి ఆసుపత్రి పార్కింగు దగ్గర అడ్డుకర్ర పైకెత్తి ఉంది. కాపలా మనిషి, "వెళ్ళండి వెళ్ళండి, ఇవాళ చీటీ అక్కర్లేదు," అని చెయ్యి ఊపాడు. ఈ దేశంలో ఆసుపత్రివాళ్ళు పార్కింగు ఊరికే ఇచ్చారన్న మాట నేను పుట్టాక వినలేదు. ఎవరికిస్తారు ఊరికే? ఎవరి మీద జాలి పడితే వాళ్ళకి.

లోపల వరండాలన్నీ ఖాళీ. రోజూ గుంపులుగా తిరిగే కుర్ర డాక్టర్లు ఒక్కరూ లేరు. నేను వస్తున్నానని తెలిసి పక్క గదుల్లోకి తప్పుకున్నారనిపించింది. నేనైనా అంతే చేస్తాను. ఎర్రరంగు వచ్చిన పిల్ల తల్లికి ఎదురుపడి ఏం మాట్లాడతారు? ఫోనులో పిల్ల పరీక్షల పేజీ తెరవబోతే, నాకు ప్రవేశం లేదని వచ్చింది. నిన్న సాయంత్రం దాకా నాదైన తలుపు.

మధ్యాహ్నం పుట్టినరోజు జరిపాం. మంచం చుట్టూ కుర్చీలు గుండ్రంగా వేసి, మాస్కులు కట్టుకుని, పేపరు తోరణం సెలైను స్టాండుకి చుట్టి, అందరం అందరికీ శుభాకాంక్షలు చెప్పుకున్నాం. మనవరాలు పుట్టినందుకు అత్తయ్యకి, కూతురు పుట్టినందుకు ఎవర్ట్‌కి, నాకు. మామూలుగా అయితే ముద్దులు మూడేసి. ఇక్కడ మోచేతులు తాకించుకుని ఊరుకున్నాం. ఆపిల్ కేకు నేనే చేసుకెళ్ళాను. పుట్టినరోజు పిల్ల తప్ప మిగతా అందరూ తిన్నారు.

అత్తయ్య నల్ల టోపీ పెట్టుకుని చర్చి నుంచి తిన్నగా వచ్చింది. గురువారం నాడు కూడా పిల్లకోసం చర్చికి వెళ్ళిందని నాకు కళ్ళు చెమర్చాయి. అదే సమయానికి టాస్మా లోపలికొచ్చి, అందరి మోచేతులూ తాకి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాడు! వారం రోజులుగా ఆ మనిషి ఈ గదిలో నిలబడే మాట్లాడాడు. చెడ్డవార్త చెప్పేవాళ్ళే కూర్చుంటారు, నేను గమనించాను.

అత్తయ్య ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీరేనా ఎవరు ఉంటారో ఎవరు పోతారో చెప్పేది?"

"చెప్పడం కాదమ్మా, అంచనా..."

"అది లోకం పుట్టకముందే దేవుడు తేల్చేసిన సంగతి. మీరు సూదితో ఎందుకు లాగుతున్నారు?"

"మేం మనిషి గురించి చెప్పం. ఇలాంటివాళ్ళు పదిమందుంటే ఎంతమంది కోలుకుంటారని చెప్తాం."

"అంటే పేర్లు చెప్పరు?"

"చెప్పలేం."

"మా పాస్టరుగారూ అంతే, పరలోకానికి ఎవరెళ్తారో పేర్లు చెప్పడు. కానీ ఆయన రక్తం అడగడు."

"నానమ్మా, నవ్వించకు, పొట్ట నొప్పి," అని మారిట్ దిండుని పొట్టకి అదుముకుంది.

టాస్మా వెళ్తుంటే నేను వెంటపడ్డాను. "వచ్చిందా డాక్టరుగారూ?"

ఆయన పెదవులు బిగించాడు. "డీనాగారూ, మారిట్ కోరిక మీకు తెలుసు."

"రంగు చెప్పొద్దులెండి. వచ్చిందో రాలేదో చెప్పండి చాలు."

"దాని గురించి అసలేమీ చెప్పొద్దంది," అన్నాడాయన, ఎర్రబడిన మొహంతో. ఆ ఎరుపే నాకు జవాబనిపించింది.

అప్పుడే నర్సు ఇల్సె కాఫీ బండి తోసుకుంటూ వచ్చింది. కాఫీ పోసింది, బిస్కెట్ల డబ్బా మూత తీసింది, నేను ఒకటి తీసుకున్నాను. ఇల్సె మూత పెట్టలేదు.

"ఇంకొకటి తీసుకోండి డీనాగారూ," అంది.

చదివేవాళ్ళకి ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. మా దగ్గర కాఫీకి ఒక బిస్కెట్టు. మూత తెరుచుకుంటుంది, ఒకటి తీస్తాం, మూత పడుతుంది. ఎవర్ట్ నన్ను మొదటిసారి వాళ్ళింటికి తీసుకెళ్ళినప్పుడు అత్తయ్య ఒకటే ఇచ్చింది. పురిటికి వచ్చినవాళ్ళకి నేనూ ఒకటే ఇచ్చాను. నాకు తెలిసి ఈ జన్మలో ఒక్క రోజే ఆ మూత రెండోసారి తెరుచుకుంది, మా నాన్నని పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం.

నేను ఆ రెండో బిస్కెట్టు చేత్తో పట్టుకునే వెళ్ళి ఎవర్ట్‌ని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాను.

"ఎరుపే," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఇది చూడు."

ఎవర్ట్ చూశాడు. "బిస్కెట్టు."

"రెండోది!"

ఆయన కాసేపు ఏమీ అనలేదు. పాల ట్యాంకరు తోలేవాళ్ళు రోజంతా ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి ఆయనకి అలవాటు. తర్వాత, "డబ్బాలో ఎక్కువున్నాయేమో," అన్నాడు.

"ఎవర్ట్! పార్కింగు ఊరికే ఇచ్చారు. డాక్టర్లందరూ దాక్కున్నారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అడిగితే మొహం ఎర్రబడింది. ఇప్పుడిది. ఇన్ని గుర్తులు కలిస్తే ఇంకేమిటి?"

"నువ్వు కూడా ఆ డాక్టరులాగే తయారయ్యావే," అన్నాడు మా ఆయన. కానీ బిస్కెట్టు నా చేతిలోంచి తీసుకుని తినలేదు. తీసుకెళ్ళి కిటికీ అంచున పెట్టాడు, అది పేలుతుందేమో అన్నట్టు. ఆయనకీ భయమేసిందని అప్పుడు తెలిసింది.

శుక్రవారం కూడా అంతే. ఖాళీ వరండాలు, మెత్తటి మాటలు. ఊడ్చే ఆవిడ నన్ను చూసి "ధైర్యంగా ఉండండమ్మా," అంది. ఆవిడ అందరితోనూ అదే అంటుందని గమనించే స్థితిలో నేను లేను. ఇంటికెళ్ళి మారిట్ గదిలో దాని మంచం మీద కూర్చుని, ఏ దుస్తుల్లో... ఆ సంగతి రాయను. అంతవరకూ వెళ్ళిందని మాత్రం తెలిస్తే చాలు.

మారిట్ నాకేసి చూసినప్పుడల్లా నేను అటు తిరిగేదాన్ని. పూలకుండీ సర్దేదాన్ని. పూలు ఆ గదిలోకి రానివ్వరు కాబట్టి అది ఖాళీ కుండీ. పిల్ల చూస్తూనే ఉంది. శనివారం మధ్యాహ్నానికి అది కూడా మాట్లాడటం మానేసింది. నా మొహం చూసి తను కూడా లెక్క వేసుకుంటోందని నాకు తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నమే ఇల్సె మళ్ళీ కాఫీ బండి తెచ్చింది. డబ్బా తెరిచింది. ఒకటి ఇచ్చి, మూత పెట్టేసింది.

ఒకటే! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అంటే ఇక జాలి పడటం కూడా అనవసరం అనుకున్నారా?" అన్నాను, వరండా అంతా వినబడేలా.

"ఏమిటి డీనాగారూ?"

"గురువారం రెండిచ్చారుగా! రంగు ఎర్రగా వచ్చిందనేగా ఇచ్చారు!"

ఇల్సె నోరు తెరుచుకుని నన్ను చూసింది. "గురువారం పండగ కదండీ. యేసుప్రభువు పరలోకానికి ఎక్కిన రోజు. వార్డులో సగంమందిని ఇళ్ళకి పంపించేశారు, మీలాంటి వాళ్ళు నలుగురే మిగిలారు. తెరిచిన డబ్బా. బిస్కెట్లు మెత్తబడిపోతాయని..."

"పండగా?"

"ఆరోహణ పండగ! ఎప్పుడూ గురువారమేగా వస్తుంది. పార్కింగు కూడా తెరిచి పెట్టారు."

అత్తయ్య నల్ల టోపీ నా కళ్ళముందు తిరిగింది. జీవితంలో ఒక్క ఆరోహణ పండగకి కూడా చర్చి మానని దాన్ని, ఆ ఏడాది అది వచ్చి వెళ్ళిన సంగతే తెలియలేదు. మా ఆయనకి అసలే తెలియదు, ఆవులు పండగ చేసుకోవు కాబట్టి ట్యాంకరుకి సెలవుండదు.

"మరి ఆ ల్యాబు?" అన్నాను.

"ఏ ల్యాబు పనిచేస్తుందండీ పండగ రోజు? శుక్రవారం కూడా అందరూ కలిపేసుకున్నారు. సోమవారం దాకా ఎవరూ రారు, గురువారం చెయ్యాల్సినవి కూడా అప్పుడే చేస్తారు. మీ ఒక్కరిదే కాదు, ఎవరి రిపోర్టులూ రాలేదు."

రంగే లేదు! మూడు రోజులుగా ఏమీ తెలియని మనుషుల మొహాలు చూసి నేను నా కూతుర్ని చంపుకున్నాను. వాళ్ళకి తెలిస్తే కదా దాచడానికి. రాలేదని ఒక్కమాట చెప్పడానికి కూడా టాస్మాకి అనుమతి లేదు, మారిట్ అసలేమీ చెప్పొద్దంది కాబట్టి ఆయన రాని దాన్ని కూడా రహస్యంగా దాచాడు. ఆరు నెలల తర్వాతి సంగతి లెక్కగట్టే ఆ మనిషికి, వచ్చే గురువారం పండగని తట్టలేదు. చూసుకున్నాక చెప్పుకోలేక ఎర్రబడ్డాడు.

నేను వరండాలో నేల మీద కూర్చుని నవ్వాను. ఇల్సె ముందు భయపడి, తర్వాత నా పక్కనే కూర్చుని తనూ నవ్వింది. లోపల్నుంచి మారిట్ గొంతు వినిపించింది: "అమ్మా! ఏమైంది? ఎందుకు నవ్వుతున్నావు?"

వెళ్ళి అంతా చెప్పాను. బిస్కెట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్ల దిండుని పొట్టకి అదుముకుంది. కాసేపటికి నవ్వు ఆగింది.

"నేను చచ్చిపోతానని నీకు తెలిసిపోయిందనుకున్నానమ్మా," అంది నెమ్మదిగా. "నువ్వు ఖాళీ కుండీ సర్దుతుంటే."

దాని కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

"ఇలా కాదు," అంది. "వచ్చినప్పుడు నీకు చెప్పమంటాను. బిస్కెట్లు చదవడం కంటే అదే నయం. కానీ నాకు చెప్పకు. ఎప్పటికీ."

"నా మొహంలో కనిపిస్తుందన్నావుగా."

"అది నీ బాధ," అంది మా పదహారేళ్ళ పిల్ల.

మంగళవారం టాస్మా నన్ను తన గదికి పిలిచాడు. నిలబడే ఉన్నాడు. నేనూ నిలబడే ఉన్నాను.

"ఎరుపు," అన్నాడు.

నేను రోజూ అనుకునే మాటే, ఎన్నోసార్లు చెప్పుకున్న మాటే. కానీ వేరే మనిషి నోట వింటే అది వేరే మాట.

"పదిమందిలో?"

"నలుగురు కోలుకుంటారు."

"ఆ నలుగురిలో ఎవరుంటారో చెప్పే పరీక్ష లేదా?"

ఆయన కుర్చీ అంచు పట్టుకున్నాడు. "లేదు. నేను మొదలుపెట్టింది దానికోసమే. ఇంకా ఇక్కడిదాకానే వచ్చాను."

"ఈ రంగు తెలిసింది కదా. మందులేమైనా మారుస్తారా?"

"ఇవాళ కాదు. ఇవ్వగలిగినవన్నీ ఇప్పటికే ఇస్తున్నాం."

"అయితే ఇది ఎవరికోసం డాక్టరుగారూ?"

"ఈమె తర్వాత వచ్చేవాళ్ళకి," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదని అప్పటికి నాకు బాగా తెలుసు. అదొక్కటే ఆయనలో నాకు నచ్చనిది.

చివరిదాకా ఊరించే కథలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఇక్కడే చెప్పేస్తున్నాను: మా మారిట్ బతికింది. జూన్ నెలలో ఆ సైన్యం ఎందుకో తనంతట తనే ఇంటిదారి పట్టింది. టాస్మా తన రోగుల లెక్కలన్నీ కలిపి గీసుకున్న గీత మీద కాకుండా, మా పిల్ల చుక్క ఎక్కడో మూలన ఒంటరిగా పడిందట. ఆయన సంతోషించాడు, నిజంగానే, కానీ ఆ చుక్క వైపు చూసే చూపులో కొంచెం చిరాకు కూడా ఉంది. "దీన్ని ఎలా వివరించాలో తెలియడంలేదు," అన్నాడు. అత్తయ్య వివరించడానికి ముందుకొస్తే ఎవర్ట్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

కానీ ఆ మంగళవారం నాకవేమీ తెలియవు. ఆ గది నుంచి పిల్ల మంచం దాకా ఉన్న వరండా నడవడమే నాకు తెలుసు. మరుగుదొడ్డిలోకి వెళ్ళి అద్దంలో మొహం చూసుకున్నాను. ఎలా పెట్టాలో తెలియలేదు. నవ్వితే దొరికిపోతాను. నవ్వకపోయినా దొరికిపోతాను.

తలుపు తీయగానే మారిట్ మోచేతుల మీద లేచి నా వైపే చూసింది. చూడనని అదేమీ మాట ఇవ్వలేదు కదా.

"ఆ కిటికీ ఎవరు తెరిచారు?" అన్నాను. "గాలి కొడుతోంది. మేజోళ్ళేవి? ఆ మేజోళ్ళు తీయొద్దని చెప్పానా లేదా? నీళ్ళు అలాగే ఉన్నాయి, పొద్దుటి నుంచి తాగలేదు. ఎందుకలా లేచావు, సూది ఊడిపోతుంది, రక్తం కారిపోతుంది, పడుకో!"

మారిట్ చాలాసేపు చూసింది. కనుబొమ్మల దగ్గర, నోటి దగ్గర, కళ్ళ కింద.

"ప్చ్, ఏమీ తెలియడంలేదు," అంది చివరికి, దిండు మీదికి వాలుతూ. "నన్ను ఈత నేర్చుకోడానికి పంపినప్పుడు కూడా ఇదే మొహం. బడివాళ్ళు అడవికి తీసుకెళ్ళినప్పుడూ ఇదే. నువ్వు ఎప్పుడూ ఇలాగే ఉంటావు."

"ఎప్పుడూ ఇలాగే ఉంటాను," అన్నాను.

"తల దురద పెడుతోందమ్మా. స్నానం చేయించవా?"

"తడి తలతో జలుబు చేస్తే?"

"అమ్మా!"

ఇల్సె బేసిను తెచ్చి ఇచ్చింది. మంచం తలవైపు పలక తీసేసి, మారిట్ మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టి, నేను దాని వెనక నిలబడ్డాను. నీళ్ళు మణికట్టు మీద పోసుకుని వేడి చూశాను, ఇంకాస్త చల్లనీళ్ళు కలిపాను. జుట్టు రెండు వారాల జిడ్డుతో గట్టిపడి ఉంది. నురగ పట్టించి వేళ్ళతో మెల్లగా రుద్దుతుంటే పిల్ల కళ్ళు మూసుకుని, ఏదో క్లాసు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో టీచరు, ఎవరో తప్పిపోయిన సైకిలు, దాని గురించి పెద్ద గొడవ.

"ఊఁ," అన్నాను. "తర్వాత?"

వెనక నిలబడ్డాను కాబట్టి అప్పుడు నా మొహం ఎలా ఉండాలనుకుంటే అలా ఉండొచ్చు. ఉండనిచ్చాను. మాట మాత్రం మామూలుగానే రానిచ్చాను.

"తర్వాత ఏముంది, ఆ సైకిలు కాలవలో దొరికింది," అంది మారిట్. "అమ్మా, ఇంకాస్త గట్టిగా రుద్దు. చెవుల వెనక కూడా."

చెవుల వెనక కూడా రుద్దాను.